పక్షుల చెట్టు కింది మట్టి

నకిబాయే తన చేమ గుంటకు రోజూ ఒకే దారిన వెళ్ళేవాడు కాదు. ఒకనాడు చర్చి వెనక నుంచి, ఒకనాడు ఒడ్డు వెంబడి చుట్టూ తిరిగి, ఇంకొకనాడు భుజాన వల వేసుకుని చేపలకు పోతున్నట్టు నటిస్తూ వెళ్ళేవాడు. అబైయాంగ్ దీవిలో ఆ ఊరివాళ్ళకు అతనెక్కడికి పోతున్నాడో తెలియక కాదు. వాళ్ళూ తమ గుంటలకు అలాగే దొంగల్లా పోతారు కాబట్టి ఎవరూ ఎవర్నీ అడిగేవాళ్ళు కాదు.

ఆ చేమ పెంచడం అలాంటి పని. పగడపు నేలను నిలువు లోతున తవ్వి, అడుగున మంచినీళ్ళు ఊరేదాకా దిగి, ఆ బురదలో పిలక నాటాలి. మొక్క చుట్టూ మొగలాకుతో అడుగు లేని బుట్ట అల్లి, అందులో ఆకులూ నల్లమట్టీ వేస్తూ, పసిబిడ్డకు పెట్టినట్టు ఏళ్ళ తరబడి మేత పెట్టాలి. ఏ చెట్టు ఆకు వెయ్యాలి, పచ్చిది వెయ్యాలా ఎండింది వెయ్యాలా, ఎప్పుడు ఆపాలి అన్నదానికి ఒక్కో ఇంటిది ఒక్కో పద్ధతి. ఏ ఇంటి పద్ధతీ ఆ ఇంటి చాప దాటి బయటికి రాదు. పండగనాడు ఊరి మనేయబాలో, అంటే ఆకుకప్పు వేసిన పెద్ద సభాశాలలో, అందరూ తమ దుంపలు తెచ్చి వరసగా పెడతారు. ఇద్దరు మనుషులు కావడి కట్టి మోసుకొచ్చే దుంప ఎవరిదైతే, మళ్ళీ పండగ దాకా ఊళ్ళో వాడి మాటే మాట.

నకిబాయే తండ్రిది చాలాసార్లు అలాంటి దుంపే. మీసాలు వస్తున్న వయసులో నకిబాయేని ఆయన ఒక వేకువన ఆటు వేళ మోకాలి లోతు నీళ్ళలో నడిపించి, ఊరికి ఉత్తరాన ఉన్న చిన్న తిప్ప మీదికి తీసుకుపోయాడు. అక్కడ నల్ల పక్షులు గూళ్ళు కట్టుకునే పెద్ద బూకా చెట్టు ఒకటి ఉంది. తరతరాల రెట్ట పడీ పడీ ఆ చెట్టు కింది మట్టి గోధుమరంగు తిరిగి, వేళ్ళ మధ్య పిండిలా జారుతుంది. మన ఇంటి దుంప బరువంతా ఈ మట్టిదే అని తండ్రి చెప్పాడు. దాన్ని ఎంత ఎండాకుతో కలపాలో చెప్పి, వేసేటప్పుడు అనాల్సిన మాటలు చెవిలో చెప్పాడు. నీ తర్వాత ఒక్క మగపిల్లాడికి చెప్పు, ఇంకెవరికీ వద్దన్నాడు. నకిబాయేకి ఒక అన్న ఉన్నాడు. పెద్దవాడైన తనకు చెప్పకుండా తమ్ముడికి చెప్పారని తెలిసి ఆ అన్న పడవెక్కి తరావా దీవికి పోయాడు. తండ్రి చనిపోయినప్పుడు కూడా రాలేదు. ఆ మట్టికి నకిబాయే ఒక అన్నను ఇచ్చుకున్నాడన్నమాట. అంత ఖరీదు పెట్టిన దాన్ని మనిషి ఎలా దాచుకుంటాడో అతనూ అలాగే దాచుకున్నాడు.

దాచుకున్నవాడికి సుఖం లేదు. పొరుగున తబూయా అనే ఆయన ఉన్నాడు. నకిబాయే కన్నా కాస్త పెద్ద, పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. పండగకు తబూయా దుంప తన దుంపకు దగ్గరగా వచ్చిందంటే చాలు, నకిబాయేకి ముద్ద దిగేది కాదు. కడుపులో నొప్పి అని చాప మీద సముద్రం వైపు తిరిగి పడుకునేవాడు. ఒక యేడు తబూయా దుంప దాటేసింది కూడా. ఆ యేడు నకిబాయే పాట పాడకుండానే కల్లు గీశాడని, కొబ్బరి చెట్ల మీంచి అతని గొంతు వినబడక ఊరు బోసిపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అతని భార్య రెరేయా నికునౌ దీవి మనిషి. దక్షిణాన దూరంగా, వానకు మొహం వాచిన దీవి. తరావాలో చర్చి పనులకు పోయినప్పుడు నకిబాయే ఆమెను చూసి, అడిగి, పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాడు. మాట తక్కువ, పని ఎక్కువ. ఆకులు ఆమే కోసేది, ఆమే తరిగి ఎండబెట్టేది, బుట్టలు ఆమే అల్లేది. అన్నీ గుంట గట్టు దాకా మోసుకొచ్చాక, ఇక నువ్వు ఇంటికి పో అనేవాడు నకిబాయే. ఆమె తల మీది బుట్ట దించి వెనక్కి తిరిగేది. ఆమె కొబ్బరి చెట్ల చాటుకు పోయిందో లేదో చూసుకుని, అప్పుడు మట్టి సంచి విప్పేవాడు.

పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆమె గట్టు మీద నిలబడి, మా నాన్న అయితే నానబెట్టిన కొబ్బరి పీచు, అంటూ ఏదో మొదలుపెట్టింది.

"మీ నికునౌలో వాన పడ్డం నువ్వెప్పుడైనా చూశావా?" అన్నాడు నకిబాయే నవ్వుతూ. "అక్కడ పండేది రాళ్ళే కదే."

రెరేయా కూడా నవ్వింది. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. నకిబాయేకి ఆ మాట అన్నట్టు కూడా గుర్తులేదు. వాళ్ళకు ఒక్కతే కూతురు. పెళ్ళై వేరే దీవికి పోయింది. ఆడపిల్లకు చెబితే రహస్యం అల్లుడింటి పాలవుతుందని చెప్పలేదు. మనవడి కోసం ఎదురుచూస్తూ ఉండగా జుట్టు నెరిసింది.

ఆ రోజుల్లో ఊరి బడికి ఉరియామ్ అనే కుర్ర మాస్టారు వచ్చాడు. పై నుంచి కొత్త పాఠాలు వచ్చాయని, ఇకనుంచి మన దీవుల వాళ్ళ సొంత పనితనం కూడా బడిలో నేర్పాలని ఆయన మనేయబాలో పెద్దల ముందు చెప్పాడు. కొబ్బరి పీచుతో తాడు పేనడానికి ఒక ముసలమ్మ ఒప్పుకుంది. మేకు లేకుండా కప్పు కట్టడానికీ, ఒడ్డున రాళ్ళతో చేపల బోను పేర్చడానికీ మనుషులు దొరికారు. చేమ గుంట దగ్గరికి వచ్చేసరికి అందరూ చాపల అంచులు చూసుకోవడం మొదలుపెట్టారు.

"పెద్దయ్యలూ, మన పిల్లలు పరీక్షలో మోటారు పంపు ఎలా పనిచేస్తుందో రాస్తున్నారు," అన్నాడు ఉరియామ్. "తాత తవ్విన గుంటలోకి నీళ్ళు ఎలా వస్తాయో రాయమంటే పెన్ను కొరుక్కుంటున్నారు."

పెద్దలు తలలు ఊపారు. నిజమే, నిజమే అన్నారు. చివరికి తబూయా గొంతు సవరించుకుని, మాస్టారు మంచి మాట చెప్పాడు, ముందు నకిబాయే చెబితే ఆ తర్వాత నేను చెప్తాను అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దవాడు నోరు విప్పకుండా చిన్నవాడు ఎలా విప్పుతాడు అన్నాడు నకిబాయే. ఇంకా నవ్వారు. నకిబాయేకి లోలోపల హాయిగానే ఉంది. వీళ్ళందరి నోళ్ళూ మూతపడి ఉన్నంతకాలం తన మట్టికి ఢోకా లేదు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి రెరేయా, "నేను చెప్తాను మాస్టారూ," అంది.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది. నకిబాయే మెడ తిప్పి చూశాడు. ఆమె అతనివైపు చూడలేదు. ఇది మా ఇంటాయనది కాదు, మా నాన్న నేర్పింది, నికునౌలో మేం చేసే తీరు, మీకు పనికొస్తే చెప్తాను అంది మెల్లగా.

"నకిబాయే, మీ ఇంట్లో ఇద్దరు గురువులున్నారని మాకెవరికీ చెప్పలేదేమయ్యా?" అన్నాడు తబూయా.

ఆ సాయంత్రం నకిబాయే చేప తినలేదు. రెరేయా సీమపనస కాయ నిప్పుల్లో కాల్చి, తొక్క తీసి, ఆకులో పెట్టి ముందుకు జరిపింది. అతను దాన్నీ ముట్టుకోలేదు.

"మీ నాన్న నీకు చెప్పాడా?"

"కొడుకుల్లేరు కదా ఆయనకి. ఎవరికి చెప్తాడు?"

"ఇన్నేళ్ళు నా పక్కన పడుకున్నావు. ఒక్క ముక్క నాతో అనలేదే."

"ఒకసారి మొదలుపెట్టాను," అంది రెరేయా. "నువ్వు వాన సంగతి అడిగావు."

అతనికి అర్థం కాలేదు. ఆమె విప్పి చెప్పలేదు. నీ గుంటలో నన్ను దిగనిచ్చావా ఎప్పుడైనా, నీది నువ్వు దాచుకున్నావు, నాది నేను దాచుకున్నాను, ఇప్పుడు పిల్లలు అడిగారు కాబట్టి చెబుతున్నాను అంది. అంతే. కాల్చిన కాయ చల్లారిపోతోందని గుర్తుచేసి తన పని చూసుకుంది.

బడి పక్కన పాడుబడ్డ గుంట ఒకటి ఉంటే పిల్లలు దాన్ని బాగుచేశారు. రెరేయా వారానికోసారి పోయేది. కొన్నాళ్ళకు నకిబాయే ఆమెతో బజారులో నడిస్తే పిల్లలు ఎదురొచ్చి "మౌరీ, రెరేయా అవ్వా" అని పలకరించడం మొదలుపెట్టారు. అతన్ని చూసి తలవంచి పక్కకు తప్పుకునేవాళ్ళు. ఇన్నేళ్ళూ పెద్దరికం అంటే పిల్లలు పక్కకు తప్పుకోవడమే అనుకున్నాడు. ఇప్పుడు అదే చూస్తే ఒళ్ళు మండింది.

కల్లు గీసే చెట్టు మార్చాడు. ఇంటి పక్కన నిక్షేపంలాంటి చెట్లుండగా, బడి వెనక ఉన్న వంకర కొబ్బరిచెట్టు ఎక్కడం మొదలుపెట్టాడు. పైనుంచి చూస్తే గుంట మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. రెరేయా చీలమండల లోతు బురదలో నిలబడి, ఒక్కో ఆకూ పైకెత్తి పేరు చెప్పేది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడమనేది. నానిన కొబ్బరి పీచు పిండి చూపించి, ఎండకాలంలో ఇదే మొక్కకు చెంబు అనేది. పిల్లలు ఏదో అంటే తల వెనక్కి వాల్చి నవ్వేది. ఆ నవ్వు నకిబాయే తన ఇంట్లో ఎప్పుడు విన్నాడో జ్ఞాపకం చేసుకోబోయాడు. చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. పూత కొనమీంచి కల్లు చుక్కలు ముంతలో పడకుండా మోచేతి మీద పడ్డాయి.

అతని ఏడుపు ఎవరి మీదో అతనికే సరిగా తెలియలేదు. ముందు పిల్లల మీద. తనకు తెలియనిది వాళ్ళకు తెలుస్తోంది, అదీ తన పెళ్ళాం నోటినుంచి. తర్వాత చచ్చిపోయిన మామ మీద. ఆ మనిషిని జీవితంలో ఒక్కసారి చూశాడు, ఎండిపోయిన రొయ్యలా ఉండేవాడు. ఆయన పేరు ఇప్పుడు బడిలో మోగుతోంది. తన తండ్రి పేరు ఎవరి నోటా లేదు. అన్నిటికన్నా మించి రెరేయా మీద. అంత సులువుగా ఎలా చెప్పేస్తోంది? గుప్పిట విప్పితే ఏదో పోవాలి కదా. ఆమెకు ఏమీ పోయినట్టు లేదు, పైగా మనిషి వెలిగిపోతోంది.

"ఏమయ్యా, ఆ చెట్టుకి కల్లు ఎక్కువ కారుతోందా, బడి బాగా కనిపిస్తోందా?" అని తబూయా కిందనుంచి అడిగిన రోజు నకిబాయే చెట్టు దిగి నేరుగా ఉరియామ్ దగ్గరికి పోయాడు. నేనూ నేర్పుతానన్నాడు. గుంటలో సగం నాకివ్వండి, మా నాన్న తీరు చూపిస్తాను అన్నాడు. ఉరియామ్ సంతోషంతో ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

అతను నేర్పిన తీరు కూడా చెప్పాలి. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చేవాడు. గట్టు మీద నిలబడి గంభీరంగా మాట్లాడేవాడు. గుంట ఎంత వెడల్పు ఉండాలి, ఉప్పునీరు చేరకుండా ఒడ్డుకు ఎంత దూరంలో తవ్వాలి, పిలక ఏ వైపు వంచి నాటాలి, ఇవన్నీ నిజాయితీగా చెప్పాడు. ఆకుల దగ్గర ఒకటీ అరా మింగాడు. చివరికి మట్టి వెయ్యాల్సిన వేళ వచ్చేసరికి పిల్లలకు వీపు తిప్పి, సంచిలోంచి దోసెడు తీసి వేసి, పెదవులు కదిపాడు. సంచిలో ఉన్నది బడి వెనక నుంచి తవ్వుకొచ్చిన మామూలు మట్టి. పిల్లల్లో ఎరితబేతా అని ఒక పిల్ల ఉంది, తబూయా మనవరాలు, ప్రశ్నకు ముందు చెయ్యి లేపే రకం. "తాతా, అటు తిరిగి ఏం వేశారు?" అని అడిగింది. పెద్దవాళ్ళ ఆశీర్వాదం అన్నాడు నకిబాయే. పిల్లలు బుద్ధిగా అదే రాసుకున్నారు.

ఆ యేడు వాన ముఖం చాటేసింది. నీళ్ళు గుంటల అడుక్కి దిగిపోయాయి. బడి గుంటలో రెరేయా నాటించిన వరస గొప్పగా ఏమీ పెరగలేదు గానీ, పచ్చగా నిలబడింది. నకిబాయే వరస ఆకులు అంచుల నుంచి పసుపు తిరిగి, గొడుగు మూసినట్టు వాలిపోయాయి. పిల్లలు దానికి ముసలి వరస అని పేరు పెట్టారు. వాళ్ళ మాటలో వెక్కిరింపు లేదు, పొద్దున్నే ముసలి వరసకు ఎన్ని బొక్కెన్లు పొయ్యాలి అని మామూలుగానే ఒకరినొకరు అడిగేవాళ్ళు. ఆ మాట నకిబాయే చెట్టు మీంచి విన్నాడు.

ఇప్పుడతనికి రెండు దార్లు. మట్టి సంగతి బయటపెడితే రహస్యం పోతుంది. పెట్టకపోతే తండ్రి తీరుకు చేమ నిలవదని ఊరంతా అనుకుంటుంది. ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చి, నీళ్ళ కుండ కాలికి తగిలితే దాన్ని తన్ని, రెరేయా మీద విరుచుకుపడ్డాడు.

"నువ్వే నేర్పావా వాళ్ళకి, ముసలి వరస అనమని?"

ఆమె మొగలాకులు చీరుతోంది. చీరడం ఆపలేదు. "పిల్లలు నన్నడిగారు, తాత వరస ఎందుకు వాడిపోతోందని. అది తాతనే అడగండన్నాను."

"వాడిపోదా మరి, వాన లేకపోతే?"

"వాన లేని యేడు నీ గుంట వాడిందా ఎప్పుడైనా?" అంది రెరేయా. "తిప్ప మీద పక్షుల చెట్టు కింది మట్టి వెయ్యకుండా నీ చేమ నిలబడ్డం నేనైతే చూడలేదు."

నకిబాయే ఉన్నచోటే కూర్చున్నాడు. బయట పందికి ఎవరో కొబ్బరి చెక్కలు కొట్టి వేస్తున్న చప్పుడు వినబడుతోంది. ఎప్పటినుంచి తెలుసు అని అడిగాడు.

"వచ్చిన యేడే. నీ సంచి ఉతికేదెవరు? రెట్ట కంపు వారం దాకా పోదు. ఆటు వేళ తిప్ప మీదికి పోయి చూసొచ్చాను. చెట్టు మొదట్లో నువ్వు మట్టి తవ్విన గుర్తులే ఉన్నాయి."

"బడిలో చెప్పావా?"

"మీ నాన్నది నేనెందుకు చెప్తానయ్యా?" అంది ఆమె, అడిగినందుకే నొచ్చుకున్నట్టు. "మా నాన్నది చెప్పుకున్నాను. నీది నీ ఇష్టం."

అది విని అతనికి కృతజ్ఞత కలిగిందనుకుంటే పొరపాటే. ముందు దొంగలు పడ్డ ఇంట్లో నిలబడినట్టనిపించింది. ఇన్నేళ్ళూ చెట్ల చాటుకు ఆమెను పంపి, తల తిప్పి చూసుకుని, సంచి విప్పిన తన తతంగమంతా కళ్ళముందు కదిలి ముఖం కాలిపోయింది. అన్నకు చెప్పని సంగతి ఈమెకు చెప్పకుండానే తెలిసింది. తర్వాత, చాప మీద పడుకుని ఆలోచిస్తే, ఇంకో రకం అసూయ పుట్టింది. తెలిసీ ఇన్నేళ్ళు నోరు మెదపలేదు. తను అయితే ఆగగలిగేవాడా? తబూయా పద్ధతి తనకు తెలిసి ఉంటే ఒక్క పండగ కూడా ఓపిక పట్టేవాడు కాదు. రహస్యం దాచడంలో కూడా ఆమే తన మీద గెలిచింది.

మరుసటి వారం నకిబాయే పిల్లల్ని ఆటు వేళ నీళ్ళలో నడిపించి తిప్పకు తీసుకుపోయాడు. ఉరియామ్ కూడా ప్యాంటు మడిచి వెంట వచ్చాడు. చెట్టు కింద నకిబాయే మోకాళ్ళ మీద కూర్చుని, గుప్పెడు మట్టి తీసి వాళ్ళ అరచేతుల్లో పోశాడు. వాసనకు కొందరు ముక్కులు మూసుకున్నారు. ఇది మా నాన్నది అన్నాడు. ఎరితబేతా ఎంత ఆకుకు ఎంత మట్టి అని అడిగింది. చెప్పాడు. మింగిన ఆకుల పేర్లు కూడా కక్కేశాడు. వేసేటప్పుడు అనాల్సిన మాటలు మాత్రం చెప్పలేదు. అవి ఎలాగూ పరీక్షలో రావు అన్నాడు ఉరియామ్‌తో, కాస్త మొండిగా.

ముసలి వరస తేరుకుంది. పిల్లలు ఇప్పుడు "మౌరీ తాతా" అని కూడా అంటున్నారు. నకిబాయే వంకర చెట్టు వదిలేసి ఇంటి పక్క చెట్టే గీస్తున్నాడు. రెరేయాను ఒకసారి, నీ పీచు సంగతేమిటి, నాకూ చెప్పు అని అడగబోయి, పిల్లలకు చెప్పినట్టే చెప్తానంటుందేమోనని ఆగిపోయాడు. అతని మనసు కనిపెట్టి, బడికి రా, అక్కడే చెప్తాను అని ఆమె నవ్వుతూ అన్నది కూడా. ఆ పొట్టి పిల్లల వెనక కూర్చుని పెళ్ళాం దగ్గర పాఠం వినడమా అని పోలేదు. అతని గుంటలో అతని మట్టే పడుతూ వచ్చింది. ఆమె ఎప్పట్లాగే ఆకులు తెచ్చి గట్టు మీద దించి, ఇప్పుడు పొమ్మనకుండానే ఇంటికి పోయేది.

చేమ నెమ్మదైన పంట. ఆ పిల్లలు బడి దాటి, కొందరు తరావాకు పోయి, కొందరు పెళ్ళిళ్ళు చేసుకున్నాక గానీ ఊరి గుంటల్లో తేడా తెలియలేదు. చర్చి పండగ వచ్చింది. మనేయబాలో దుంపలు వరసగా పరిచారు. నకిబాయేది మంచి దుంపే, తండ్రి కాలం నాటి దుంపల పక్కన పెట్టుకోదగ్గది. అతను దాని పక్కన కూర్చుని, మిగతావాటి మీద ఒక్కో చూపు వేసి తేలికగా ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు తబూయా ఇంటినుంచి కావడి వచ్చింది. మోస్తున్న ఇద్దరి భుజాలూ ఒక పక్కకు ఒరిగిపోయాయి. వెనక తబూయా, చేతులు ఊపుకుంటూ, తనేమీ చెయ్యలేదన్నట్టు మొహం పెట్టుకుని వచ్చాడు. దుంప కింద పెడితే చాప కుంగింది.

"నాది కాదయ్యోయ్," అన్నాడు అందరికీ వినబడేలా. "మా ఎరితబేతాది."

నకిబాయేకి కడుపునొప్పి వచ్చింది. ఈసారి నిజంగానే వచ్చిందని రెరేయా అంటుంది. అయినా లేచి పోలేదు. తిండి అయ్యాక ఎరితబేతా దగ్గరికి పోయి, చంకలో పసిపిల్లతో నిలబడి ఉన్న ఆ అమ్మాయిని, ఏం వేశావు అని అడిగాడు. ఊళ్ళో అలా అడగడం ఇంతకు ముందు లేదు. అడిగినవాడికే సిగ్గు. ఎరితబేతాకి ఆ పట్టింపు లేదు.

"మీ మట్టే తాతా. చుట్టూ రెరేయా అవ్వ చెప్పిన పీచు. ఎండకాలం అవ్వ చెప్పినట్టు మట్టలు కప్పి, కొంచెం కొంచెంగా పెట్టా. మీ ఇంట్లో కూడా ఇంతే కదా?"

నకిబాయే అవునన్నట్టు తల ఆడించి ఇంటికొచ్చేశాడు. తన మట్టి, తన భార్య పీచు తబూయా ఇంట్లో కలిశాయి. తన గుంటలో కలవలేదు. రెరేయా వచ్చేసరికి గుడిసె మెట్టు మీద కూర్చుని కాలి వేళ్ళు చూసుకుంటున్నాడు. చెప్పకుండా ఉండి ఉంటే ఆ దుంప వచ్చేదే కాదన్నాడు. చెప్పినందుకు ఇప్పుడు తబూయా ఊరంతా తిరిగి చెప్పుకుంటాడన్నాడు. చెప్పుకోనీ అంది. మన ఇంటిదాన్ని వాళ్ళింటికి మోసుకుపోయింది ఆ పిల్ల అన్నాడు. మనం ఇచ్చాం, అది తీసుకుంది అంది రెరేయా.

"రేపు పీచు నానబెట్టు," అన్నాడు చివరికి, ఆమె మొహం చూడకుండా.

"ఎప్పుడో నానేశాను," అంది ఆమె. "బడి గుంట కోసం. అందులోంచి తీసుకుందాం."

మర్నాడు ఆమె గట్టు మీద ఆగలేదు. బుట్ట దించి, నడుముకు చుట్టుకున్న గుడ్డ మోకాళ్ళ పైకి దోపుకుని, గుంటలోకి దిగింది. నకిబాయే గట్టు మీద ఒక క్షణం నిలబడి, మట్టి సంచి భుజాన వేసుకుని వెనకే దిగాడు. ఆమె పీచు పిండి బుట్ట లోపలి అంచున వరసగా సర్దుతుంటే అతను మట్టీ ఆకూ కలిపి అందించాడు. పెదవులు కదిపాడు. ఆమె వినబడనట్టు ఉండిపోయింది.

"ఇంకా వెయ్యి," అన్నాడు. "ఆ పిల్ల వేసినదానికి రెండింతలు వెయ్యి."

"ఎక్కువ వేస్తే మొదలు కుళ్ళుతుంది. కాస్త కాస్తే పెట్టాలి."

"తబూయా వాళ్ళు ఎంత పెట్టారో కనుక్కున్నావా?"

"ఆ బుట్ట కదలకుండా పట్టుకో ముందు," అంది రెరేయా. అతను రెండు చేతులతో పట్టుకున్నాడు.